పాత లారీలో ఏది ఫ్యాక్టరీ పని, ఏది షెడ్డు పని: గుర్తించడం ఎలా

మీరు ఒక పాత లారీ కొన్నారనుకుందాం. బానెట్ పక్కన ఫార్గో అని ఉంది. విప్పిన చోటల్లా డాడ్జ్ అక్షరాలు బయటపడుతున్నాయి. ఇంజను మీద సింప్సన్ పేరు. ఎడమ చక్రాల నట్లు ఒకవైపు తిరిగితే కుడి చక్రాలవి మరోవైపు తిరుగుతున్నాయి. క్యాబిన్ చూస్తే మొత్తం టేకు చెక్క. చూడవచ్చిన ప్రతివారూ నడుము మీద చేతులు పెట్టుకుని "అంతా అతుకుల బొంత" అని తేల్చేస్తారు. వాళ్ల మాట విని గ్యాస్ కట్టర్ పట్టుకోకండి. ఇవన్నీ ఆ బండికి పుట్టుకతో వచ్చినవే కావచ్చు.

నేను చెన్నైలో పన్నెండేళ్లుగా పాత లారీలతో కుస్తీ పడుతున్నాను. మా నాన్న మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకు లారీ నడిపేవారు కనుక ఈ పిచ్చి కొంత వారసత్వం. పని నేర్పింది మాత్రం గూడూరు నుంచి వచ్చి పుదుపేట సందుల్లో స్థిరపడిన ఒక మేస్త్రి. ఆయన దగ్గర నేర్చుకున్నదీ, నా తప్పుల వల్ల తెలిసినదీ కలిపి చెబుతున్నాను.

ముందుగా ఒక లెక్క పెట్టుకోండి. మన దేశపు లారీ మీద మూడు చేతులు పడతాయి. మొదటిది ఫ్యాక్టరీది. రెండోది బాడీ కట్టిన షెడ్డుది. మూడోది దారిలో, గ్యారేజీల్లో పడింది. విదేశీ పుస్తకాలు చదివి ఈ పనిలో దిగేవాళ్లు రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకే గాటన కట్టేస్తారు. మన దగ్గర లారీలు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేది ఛాసిస్, ఇంజను, బానెట్, డ్యాష్‌బోర్డు గోడ వరకే. క్యాబిన్ ఉండేది కాదు. డ్రైవరు ఒక పలక సీటు బిగించుకుని, ముఖానికి తువాలు చుట్టుకుని ఆ అస్థిపంజరాన్ని వందల మైళ్లు నడుపుకుంటూ బాడీ షెడ్డుకు తెచ్చేవాడు. విజయవాడ ఆటోనగర్‌లోనో, తమిళనాడులో నామక్కల్, తిరుచెంగోడు, సంగగిరి షెడ్లలోనో దానికి చెక్కా రేకూ తొడిగేవారు. కాబట్టి టేకు క్యాబిన్ ఉన్న లారీని చూసి "ఒరిజినల్ క్యాబిన్ పోయింది" అని బాధపడడంలో అర్థం లేదు. దాని ఒరిజినల్ క్యాబిన్ అదే.

మొదటి పని: కడగకండి

బండి ఇంటికి రాగానే నీళ్ల పైపు తిప్పడం మన అలవాటు. ఆ రోజు ఆగండి. మూడు రంగుల సుద్దముక్కలు, టార్చి, టేపు, అయస్కాంతం, ఫోను కెమెరా దగ్గర పెట్టుకుని బండి చుట్టూ నింపాదిగా తిరగండి. ఫ్యాక్టరీది అని నమ్మకం కుదిరిన దాని మీద తెల్ల గీత, షెడ్డు పని మీద పసుపు, తెలియని దాని మీద ఎరుపు. మొదటి రోజు సాయంత్రానికి ఎరుపు గీతలే ఎక్కువ ఉండాలి. అలా లేకపోతే మీరు తొందరపడుతున్నట్టే.

నేను కొన్న మొదటి లారీ డాలా, అంటే సరుకు పెట్టె పక్క పలక, లోపలివైపు, పొరలు పొరలుగా ఊడుతున్న రంగు కింద, ఏదో తెలుగు అక్షరం తోక కనిపించింది. పెయింటరు తన పేరూ ఊరూ రాసుకుని ఉంటాడు. గరుకు కాగితంతో నేనే గంటలో దాన్ని ఊడ్చేశాను. ఆ బండి ఏ షెడ్డులో పుట్టిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం పొడిగా మారి నా చెప్పుల కింద పడింది. ఇప్పుడైతే రంగు పొరల్ని ఒక చోట, రూపాయి బిళ్లంత మేర, తడి గరుకు కాగితంతో మెల్లగా అరగదీసి చూస్తాను. పొరలు చెట్టు వలయాల్లా వరసగా బయటపడతాయి. అన్నిటికన్నా కింద ఎర్ర ప్రైమరు, దాని మీద ఉన్నదే మొదటి రంగు. పొడిగా మాత్రం రుద్దకండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. పాత బ్రేకు లైనింగుల్లోనూ, క్లచ్ పలకల్లోనూ ఆస్బెస్టాస్ ఉండేది కనుక ఆ దుమ్మును ఊదడం, గాలి పైపు కొట్టడం కూడా వద్దు.

రెండో పని: నంబర్లు, పేర్లు

ఛాసిస్ నంబరు సాధారణంగా ఫ్రేము కుడి పట్టీ మీద, ముందు చక్రం దరిదాపుల్లో గుద్ది ఉంటుంది. వైరు బ్రష్‌తో మెత్తగా తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోండి. కంటికి కనిపించని అంకె కాగితం మీద తేలుతుంది. అక్షరాల చుట్టూ గ్రైండరు గీతలుంటే బేరం అక్కడే ఆపేయండి.

తర్వాత సి బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం. అందులో ఇంధనం గడి చూడండి. పెట్రోలు అని రాసి, తర్వాత ఎప్పుడో మరో సిరాతో డీజిల్ అని మార్చి ముద్ర వేసి ఉంటే, ఇంజను మార్పు ఏ సంవత్సరం జరిగిందో మీకు ఉచితంగా దొరికినట్టే. నంబరు పలక కూడా మాట్లాడుతుంది. ఇప్పటి పద్ధతి 1989లో వచ్చింది. అంతకు ముందు మూడక్షరాలు, నాలుగంకెలు. మద్రాసు రాష్ట్రం బండ్లవి ఎమ్‌తో మొదలయ్యేవి, ఆంధ్రవి ఏతో. ఎమ్ కనబడగానే ఇది తమిళ బండి అని తీర్మానించకండి. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు, గుంటూరు, బెజవాడ కూడా మద్రాసు రాష్ట్రంలోవే కదా.

ఇక బిళ్లల మీద పేర్లు. ఇవి అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేస్తాయి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కట్టిన లారీలు డాడ్జ్, ఫార్గో, డిసోటో అనే మూడు పేర్లతో అమ్ముడయ్యాయి. లోపల బండి ఒక్కటే. అమ్మే ఏజెన్సీలు వేరు కనుక ముందు భాగంలో అక్షరాలు మారేవి. ఫార్గోలో డాడ్జ్ భాగం దొరికిందంటే అది ఫ్యాక్టరీలోనే బిగించింది కావచ్చు. తర్వాత వచ్చినదీ కావచ్చు. ఇక్కడ బిళ్ల వెనకాల కన్నాలు చూడాలి. ఫార్గో అక్షరాల కన్నాలు తప్ప రేకు మీద మరేవీ లేకపోతే పేరు నిజమైనదే. పుట్టీతో పూడ్చిన పాత కన్నాలు వెనకవైపు నుంచి కనిపిస్తే బానెట్ మరో బండిది.

టాటా లారీలతో చిక్కు మరో రకం. టాటా వారి లారీ కంపెనీ టెల్కోకూ, మెర్సిడెస్ తయారుచేసే డైమ్లర్ బెంజ్‌కూ మధ్య ఒప్పందం 1954 నుంచి 1969 దాకా నడిచింది. ఆ కాలపు గుండ్రటి ముక్కు బండ్ల మీద మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. ఒప్పందం ముగిశాక దాని చోట టాటా వారి టి అక్షరం వచ్చింది. ముక్కు మాత్రం వెంటనే మారలేదు. అందుకే 1970ల బండికి నక్షత్రం తగిలించి "మెర్సిడెస్" అని ధర పెంచేవాళ్లు ఉన్నారు. నక్షత్రం మీద మోజుతో సొంతదారుడే అప్పట్లో తగిలించుకున్నవీ ఉన్నాయి. చిహ్నాన్ని నమ్మకుండా మోడల్ సంఖ్య చదవండి. 1210లో మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువు టన్నుల్లో, చివరి రెండంకెలు సుమారు అశ్వశక్తిలో పదోవంతు. దాని తర్వాత ఎస్‌.ఈ. అని ఉంటే సెమీ ఫార్వర్డ్, అంటే ఇంజను సగం క్యాబిన్‌లోకి చొచ్చుకు వచ్చిన నమూనా. ఇంజను సంఖ్యలకూ అర్థం ఉంది. 697 అంటే 6 సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మి.మీ. వెడల్పు.

లేలాండ్ వాళ్లు ఘనపుటంగుళాల్లో లెక్కపెట్టేవారు. ఎన్నూరులో 1948లో ఆస్టిన్ కార్లు బిగించడానికి మొదలైన అశోక్ మోటార్స్, 1955లో అశోక్ లేలాండ్ అయింది. వాళ్ల కామెట్ లారీల వెంట వచ్చే 350, 370, 400 లాంటి అంకెలు ఇంజను ఘనపరిమాణాలు. 350 అంటే దాదాపు 5.7 లీటర్లు. క్యాబిన్ మీద ఒక అంకె, ఇంజను దిమ్మె మీద మరో అంకె ఉంటే ఇంజను మారిందని పది సెకన్లలో తెలిసిపోతుంది.

మూడో పని: ఫ్రేము కింద దూరడం

చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. బండికి జాకీ ఒక్కటే ఆధారంగా పెట్టి కిందికి వెళ్లకండి, చెక్క దిమ్మెలు వేయండి. ఫ్రేము పట్టీలను అడ్డకమ్మీలకు ఫ్యాక్టరీ రివెట్లతో కలుపుతుంది. రివెట్ల తలలన్నీ ఒకే గుండ్రం, ఒకే వరస. మధ్యలో రెండు బోల్టులు కనిపిస్తే అక్కడ ఎవరో చేయి పెట్టారు. అయితే కమాన్ పట్టీల బ్రాకెట్లను కొన్ని ఫ్యాక్టరీలు బోల్టులతోనే బిగించేవి. అందుకని జంట చూడాలి. కుడివైపు ఉన్నట్టే ఎడమవైపు అద్దంలో ప్రతిబింబంలా ఉంటే ఫ్యాక్టరీది కావడానికే ఎక్కువ అవకాశం. రోడ్డు పక్క గ్యారేజీ వాడికి విరిగిన వైపు బాగు చేయడమే పని, రెండో వైపు అతనికి పట్టదు.

కన్నాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత లారీని చదవడమంటే సగం దాని కన్నాలను చదవడమే. ఫ్రేము నిండా ఏమీ బిగించని ఖాళీ కన్నాలుంటాయి. అవి చూసి ఏవో భాగాలు ఊడిపోయాయని కంగారుపడతారు. ఫ్యాక్టరీ ఒకే పట్టీని అనేక నమూనాలకు వాడుతుంది. ఎడమ స్టీరింగ్ దేశాలకు, పొట్టి బండికి, పొడుగు బండికి, బస్సుకు అన్నిటికీ కలిపి ఒకేసారి కన్నాలు పొడిచి పెడుతుంది. అలా పంచ్ చేసిన కన్నానికి ఒక అంచు నున్నగా వాలి ఉంటుంది, రెండో అంచు గరుకు. డ్రిల్లు కన్నానికి రెండంచులూ పదును. గ్యాస్‌తో కోసినదైతే గుండ్రమే ఉండదు, అంచున కరిగిన ఇనుము ముద్దలుగా పేరుకుని ఉంటుంది. మా మేస్త్రి టార్చి వాడేవాడు కాదు. కన్నంలో బొటనవేలు పెట్టి తిప్పి "పంచిది" అనో "డ్రిల్లుది" అనో చెప్పేవాడు.

ఇక పొడవు. ఎక్కువ సరుకు కోసం ఛాసిస్‌ను మధ్యలో కోసి పొడిగించడం షెడ్లలో మామూలు. వెల్డింగ్ గీత మీద లోపలివైపు మరో పట్టీ వేసి బోల్టులు బిగించి ఉంటారు. అది కనిపించకపోతే కొలవండి. ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకు రెండు వైపులా దూరం ఒకటే రావాలి. మూల నుంచి మూలకు కొలతలు కూడా కలవాలి. బ్రిటిష్, అమెరికన్ బండి అయితే అంగుళాల్లో కొలవండి, టాటా అయితే మిల్లీమీటర్లలో. టాటా మోడల్ పేరులో గీత తర్వాత 36, 42, 48 అని ఉంటే అది చక్రాల మధ్య దూరం సుమారుగా డెసిమీటర్లలో. 42 అని రాసున్న బండిలో దాదాపు 4800 మి.మీ. వస్తే మధ్యలో అర మీటరుకు పైగా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సిందే. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు కూడా చూడండి. పొడిగించిన చోట రెండో బేరింగు వేలాడదీయడానికి ఒక అడ్డకమ్మీ వెల్డింగ్ చేసి ఉంటారు. ఫ్యాక్టరీ పొడుగు బండిలో ఆ కమ్మీ కూడా రివెట్లతోనే ఉంటుంది.

నాలుగో పని: ఇంజను ఎవరు పెట్టారు?

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్, బెడ్‌ఫోర్డ్ లారీలు చాలా పెట్రోలుతో వచ్చాయి. డీజిల్ చౌక కనుక వాటిలో పెట్రోలు ఇంజను తీసేసి పెర్కిన్స్ పి6 అనే డీజిల్ ఇంజను పెట్టించుకున్న యజమానులు లెక్కకు మించి ఉన్నారు. ఆరు సిలిండర్లు, 4.7 లీటర్లు, 83 అశ్వశక్తి ఉన్న ఆ ఇంజనును మన చెన్నై సెంబియంలో సింప్సన్ వాళ్లే తయారు చేసేవారు. గుర్రపు బండ్ల కాలంలో, 1840లో మొదలైన కంపెనీ అది. అయితే అదే పెర్కిన్స్ ఇంజనుతో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన బండ్లు కూడా ఉన్నాయి. తర్వాత వచ్చిన 354 ఇంజను సంగతీ అంతే. అందులో 354 కూడా ఘనపుటంగుళాలే, అంటే 5.8 లీటర్లు. కాబట్టి "సింప్సన్ ఇంజను ఉంది, మార్చేశారు" అనడమూ తప్పే, "సింప్సనే కదా, ఒరిజినలే" అనడమూ తప్పే.

తేల్చుకోవడానికి ఇంజను వైపు చూడకండి, దాని చుట్టుపక్కల చూడండి. డ్యాష్‌బోర్డులో చోక్ నాబ్ కన్నం పూడ్చి ఉందా? పెట్రోలుకు చోక్ కావాలి. డీజిల్‌కు కావలసింది ఇంజను ఆపే లాగుడు నాబ్. అది డ్యాష్‌లో అచ్చుపోసిన చోట ఉందా, కింద పట్టీ తగిలించి వేలాడుతోందా? ఇగ్నిషన్ కాయిల్ బిగించే రెండు కన్నాలు గోడ మీద మిగిలాయా? తర్వాత ట్యాంకు. డీజిల్ ఇంజను ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన నూనెను ట్యాంకుకు తిప్పి పంపుతుంది. ఫ్యాక్టరీ డీజిల్ ట్యాంకులో ఆ తిరుగు గొట్టం మూతి తయారీలోనే ఉంటుంది. మార్చిన బండి ట్యాంకు మీద ఇత్తడి పోసి అతికించిన మూతి వేరుగా తెలిసిపోతుంది. ఇంజను, గేరుబాక్సుల మధ్య అదనపు ఇనుప పలక ఒకటి ఉంటే అది రెండు కంపెనీల వస్తువులకు పెళ్లి చేసిన పురోహితుడు.

ఇంకా మంచి పరీక్ష వెనక ఇరుసులో ఉంది. పి6 నిమిషానికి 2400 చుట్లకు మించి తిరగదు. పెట్రోలు ఇంజనుకు అంతకన్నా వేగం ఎక్కువ కనుక దానికి తగ్గ పళ్ల నిష్పత్తి వెనక ఇరుసులో ఉంటుంది. షెడ్డులో ఇంజను మార్చినవాళ్లు చాలాసార్లు ఇరుసు జోలికి వెళ్లలేదు. అందుకే అలాంటి బండ్లు ఎక్కుడులో బాగా లాగేవి, చదును రోడ్డులో ఇంజను గొంతు చించుకుని అరిచినా వేగం అందుకునేవి కావు. నిష్పత్తి కనుక్కోవడానికి విప్పనవసరం లేదు. బండిని న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు వేసి, వెనక ఒకవైపు మాత్రమే పైకెత్తండి. హ్యాండ్‌బ్రేక్ షాఫ్టును పట్టే రకమైతే వదలాలి, కనుక దిమ్మెలు గట్టివి వేయండి. షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని కచ్చితంగా రెండు చుట్లు తిప్పించండి. ఆ లోపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఒక చక్రం నిలిచి ఉన్నప్పుడు తిరిగేది రెట్టింపు తిరుగుతుంది కనుక రెండు చుట్లు. ఆ అంకెను తయారీదారు పుస్తకంలో పెట్రోలు, డీజిల్ వరసలతో పోల్చితే జవాబు వస్తుంది.

పక్కన బిగించిన డైనమో, సెల్ఫ్ మీద తారీఖులు వెతకండి. బండ్ల విద్యుత్ భాగాలు చేసే బ్రిటిష్ కంపెనీ లూకాస్ తమ వస్తువుల మీద నెల, సంవత్సరం గుద్దేది. లూకాస్ టి.వి.ఎస్. అని ఉంటే అది 1961 తర్వాతిది, చెన్నైలోని పాడి ప్రాంతంలో తయారైంది. 1956 బండి మీద అది కనిపిస్తే మార్చిన భాగమే. మార్చినంత మాత్రాన తీసి పారేయమని కాదు, మీ పుస్తకంలో రాసుకోమని.

మర తెలిసినవాడికే పానా

టాటా మెర్సిడెస్ జర్మన్ పుట్టుక కనుక మిల్లీమీటర్ల పానాలు పడతాయి. అమెరికన్ బండ్లకు అంగుళాల పానాలు. పాత బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్. అనే బ్రిటిష్ ప్రమాణాల మరలు, తర్వాతి కాలంలో యూనిఫైడ్ అనే ఉమ్మడి ప్రమాణం మరలు. విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు లావును చెబుతుంది, నట్టు తల వెడల్పును కాదు. కనుక అంకె చూసి పానా తీస్తే ఎప్పుడూ పొరపాటే. మర కోణం కూడా వేరు, విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్.లది 55 డిగ్రీలు, మిగిలినవి 60. ఇందువల్ల మనకొక లాభం ఉంది. ఒక బ్రిటిష్ బండి బ్రాకెట్‌కు పదమూడు మి.మీ. పానా చక్కగా పట్టిందంటే ఆ బోల్టు తర్వాత వచ్చింది. బలవంతంగా తిప్పి మర చెడగొట్టిన చోట్లు కూడా అలాంటి సాక్ష్యాలే.

ఎడమ చక్రాల నట్ల విషయం వేరే చెప్పాలి. చాలా పాత బ్రిటిష్, అమెరికన్ లారీల్లో, డాడ్జ్ సహా, ఎడమవైపు స్టడ్లకు ఎడమ మర ఉంటుంది. చక్రం తిరుగుడుకు నట్టు వదులు కాకూడదని ఫ్యాక్టరీ చేసిన ఏర్పాటు. స్టడ్డు చివర ఎల్ అక్షరం గుద్ది ఉంటుంది, తుప్పు గీకితే కనిపిస్తుంది. నేను గీకలేదు. తుప్పు పట్టి బిగుసుకుందనుకుని పైపు తొడిగి, దాని మీద నిలబడి గెంతాను. మూడు స్టడ్లు వరసగా విరిగాయి. మేస్త్రి టీ తాగుతూ చూస్తున్నాడు, మూడోది విరిగాక "బాబూ, అవతలి వైపు తిప్పాలి" అన్నాడు. మొదటిదానికే ఎందుకు చెప్పలేదని అడిగితే, మూడు విరిగితేనే గుర్తుంటుందని జవాబు.

అదే చక్రాలకు విడి రింగు ఉన్న రిమ్ములుంటే గాలి కొట్టేటప్పుడు ఎదురుగా నిలబడకండి. రింగు సరిగా కూర్చోకపోతే ఎగిరి వచ్చి మనిషిని చంపుతుంది. ఇనుప పంజరంలో పెట్టి, దూరం నుంచి గాలి కొట్టే టైరు షాపు చూసుకోండి.

యుద్ధకాలపు బండ్లు: ఫ్యాక్టరీయే వింతలు చేసినప్పుడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన లారీలు మన రోడ్ల మీద చాలాకాలం తిరిగాయి. వీటిలో ఫ్యాక్టరీ తేడాలు అన్నీ ఇన్నీ కావు. అమెరికన్ జి.ఎమ్.సి. రెండున్నర టన్నుల లారీ ఐదు లక్షలకు పైగా తయారైంది. దానికి చక్రాల మధ్య దూరాలు రెండు, 145 అంగుళాలు, 164 అంగుళాలు. ఇరుసులు కూడా రెండు రకాలు. ఒకటి మధ్యలో గుండ్రటి బుంగలా ఉంటుంది, రెండోది నిలువుగా చీలి బోల్టులతో కలిపి ఉంటుంది. రెండూ ఫ్యాక్టరీవే, వేర్వేరు సరఫరాదారులవి. సరుకు బాడీ మొదట ఉక్కుతో వచ్చింది. ఉక్కు ఆదా కోసం చెక్కకు మారింది, ఆ తర్వాత రెండూ కలిపి చేశారు. మూసిన క్యాబిన్ కూడా కొంతకాలానికి గుడ్డ కప్పు క్యాబిన్ అయింది, ఓడల్లో చోటు కలిసి వస్తుందని. ఈ కథ తెలియనివాడు చెక్క బాడీ ఊడదీసి రేకు వేయించి, "ఒరిజినల్ చేశాను" అని మురిసిపోతాడు.

కెనడా సైనిక లారీల్లో ఫోర్డ్, షెవర్లే రెండూ ఒకే సైనిక నమూనాకు కట్టినవి. బయటి రూపం ఒకటే. లోపల ఫోర్డ్‌కు వి8, షెవర్లేకు వరస ఆరు సిలిండర్లు. ముందు అద్దాలు కింద లోపలికీ, పైన బయటికీ వాలి ఉంటే అది పదమూడో రకం క్యాబిన్. ఆకాశం నుంచి చూసేవారికి అద్దం మెరవకూడదని చేసిన వంపు అది. ఎవరో గుద్దేస్తే వంగిందనుకుని నిటారుగా కొట్టించిన ఒక మహానుభావుణ్ని నేను కళ్లారా చూశాను.

యుద్ధకాలంలో పెట్రోలు రేషను వచ్చినప్పుడు మన దగ్గర లారీలకు, బస్సులకు బొగ్గు గ్యాస్ బొయిలర్లు తగిలించారు. మన పెద్దలు బొగ్గు బస్సులని చెప్పేవి అవే. అది ఫ్యాక్టరీ పని కాదు, కానీ ఆ కాలపు బండిలో వెనకో పక్కనో బరువైన కోణం ఇనుము బ్రాకెట్లూ, కాలిన మచ్చలూ కనిపిస్తే కోయకండి. అలాంటి జాడ మిగిలిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి.

మన జబల్‌పూర్‌లో జర్మన్ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి తయారైన శక్తిమాన్ లారీలు కూడా సైనిక వేలాల్లో వచ్చేవి. వాటికి పైన చెప్పిన పద్ధతులే సరిపోతాయి.

వైరింగ్ మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే నలభై ఏళ్లు దాటిన బండిలో ఫ్యాక్టరీ వైరు మిగలడం అరుదు. ఒక్క జాగ్రత్త. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికీ, పాత ఫోర్డులకూ పాజిటివ్ వైపు ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ తీగ బండి ఇనుముకు కలిపి, ఉంటుంది. కొత్త కుర్రాడు బ్యాటరీ తిప్పి బిగిస్తే డైనమో కాలిపోవచ్చు.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

పసుపు, ఎరుపు గీతలున్న వాటి మీద నా పద్ధతి ఇది. ప్రాణాపాయం ఉన్నది, అంటే పగిలిన వెల్డింగ్, అతికించిన స్టీరింగ్ రాడ్డు, కోసి కలిపిన బ్రేకు గొట్టం లాంటివి వెంటనే తీసేస్తాను. బాడీ షెడ్డు పని ముట్టుకోను. ఇంజను మార్పు ముప్పై ఏళ్ల కిందటిదైతే అలాగే ఉంచుతాను. దాన్ని వెనక్కి తిప్పాలంటే పెట్రోలు ఇంజను వెతకాలి, దొరికేది మరో బండిది, అప్పుడు అతుకులు రెండవుతాయి తప్ప తగ్గవు. నిన్న మొన్నటి గ్యారేజీ చేసిన చవక పని మాత్రం నిర్దాక్షిణ్యంగా విప్పేస్తాను. ఇటీవల ఒక వర్క్‌షాపు నా బండి రేడియేటర్ బ్రాకెట్ పాత పనిలా కనిపించాలని బోల్టు తలల్ని గ్రైండ్ చేసి రివెట్లలా గుండ్రం చేసింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రేపు ఈ బండి కొనేవాడికి మాత్రం అది అబద్ధం చెబుతుంది. మార్చి బోల్టులే పెట్టించి, లోపలివైపు సంవత్సరం గుద్దించాను.

ఎరుపు గీతలకు జవాబులు బండిలో దొరకకపోతే బయట వెతకాలి. ఎగ్మోరు కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తే లారీ ప్రకటనల్లో బొమ్మలు దొరుకుతాయి. ప్రకటన బొమ్మలో గీసినవాడి ఊహ కూడా ఉంటుంది కనుక దీపాల సంఖ్య, అద్దాల ఆకారం లాంటి వాటికి మాత్రమే నమ్మండి. పుదుపేటలో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో పాత దుకాణాల వాళ్ల దగ్గర విడిభాగాల పుస్తకాలుంటాయి. అమ్మరు, కానీ టీ తెప్పించి కూర్చుంటే పేజీలు ఫొటో తీసుకోనిస్తారు. విడిభాగాల పుస్తకంలో "ఫలానా ఛాసిస్ నంబరు వరకు ఇది, తర్వాత ఇది" అని రాసి ఉంటుంది. ఫ్యాక్టరీ తేడాలకు అంతకు మించిన సాక్ష్యం లేదు.

చివరి పని: కాగితాలు

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు వి.ఏ. అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, మళ్లీ చేయించడానికి 5 వేలు, గడువు పదేళ్లు. అయితే ఆ నిర్వచనం సొంత వాడకపు బండ్లకే, వాణిజ్య వాహనాలకు కాదు. లారీ పుట్టుకే సరుకు బండిగా కనుక, కొనేముందే సి బుక్కులో ఏ తరగతి రాసి ఉందో చూసి, రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు ఉంటే వింటేజ్ హోదా రాదు. అందుకే ఇంతసేపూ ఏ చేయి ఎక్కడ పడిందో వెతికింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు కనుక, ఇంజను మార్పు ఏదైనా ముందుగా అనుమతి తీసుకుని పుస్తకంలో ఎక్కించాలి.

పెన్సిలు ముద్రలు, కొలతలు, కన్నాల ఫొటోలు, గీతల లెక్క, విడిభాగాల పుస్తకం పేజీలు అన్నీ ఒక ఫైలుగా కట్టి, దాని నకలు దరఖాస్తుతో జతపరచండి. అసలు ఫైలు మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. లారీ సీటు కింద వద్దు. ఎలుకలు ముందుగా కొరికేది అక్కడి కాగితాలనే.